చిగుళ్ళ రంగు అతుకులు

మా బండికి చిగుళ్ళు ఉండేవి. ముందు మడ్‌గార్డు మీద ఒకటి, హెడ్‌లైటు కింద ఒకటి, సీటు పక్కన పొడవాటిది ఇంకొకటి, అన్నీ లేత గులాబీ రంగు అతుకులు. ఆ రోజుల్లో ఢిల్లీ రోడ్ల మీద అలాంటి అతుకున్న స్కూటరు ఎవరికైనా కనిపించి ఉంటే, అది జనక్‌పురిలో మా బ్లాకుదైనా అయి ఉండాలి, మా తెలుగు చర్చికి వచ్చేవాళ్ళదైనా అయి ఉండాలి. వాటన్నిటినీ బాగుచేసింది మా ఆయన.

ఆయన ఒక ఆసుపత్రిలో డెంటల్ టెక్నీషియను. పళ్ళ సెట్లు తయారుచేయడం పని. కట్టుడు పళ్ళు కింద పడి విరిగితే అతకడానికి వాళ్ళ దగ్గర ఒక పొడి, ఒక లిక్విడ్ ఉంటాయి. పొడి మీద లిక్విడ్ చుక్కలుగా వేస్తే ముందు తడి ఇసుకలా ఉంటుంది, తర్వాత తీగపాకంలా సాగుతుంది, కాసేపటికి రాయి అయిపోతుంది. నోట్లో చిగురుతో కలిసిపోవాలి కాబట్టి ఆ పొడి గులాబీ రంగులోనే వస్తుంది. మా పెళ్ళయిన కొత్తలో కింది ఇంటి పంజాబీ ఆంటీ వాళ్ళ స్కూటరు హెడ్‌లైటు కప్పు పగిలితే, ఈయన సరదాకి ఆ పొడితో అతికి ఇచ్చారు. అది ఆగింది. వర్షాలకీ ఆగింది, గుంతలకీ ఆగింది. ఇంకేముంది, చుట్టుపక్కల ఎవరి ఫైబర్ విరిగినా మా బాల్కనీకే వచ్చేది. బండి ప్లాస్టిక్కుని ఢిల్లీలో అందరూ ఫైబర్ అనే అంటారు. కొత్త ముక్క కొనడానికి కరోల్ బాగ్ దాకా పోయేకంటే రెండంతస్తుల మెట్లెక్కి మా తలుపు తట్టడం తేలిక కదా.

ఆయన ఆ పని చేస్తుంటే చూడాలి. కాదు, చూడకూడదు. నాలాంటి వాళ్ళు అస్సలు చూడకూడదు. ముందు ముక్కను సబ్బునీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టేవారు. పగులు ఎక్కడ ఆగిందో వెతికి, సరిగ్గా ఆ చివర చిన్న బెజ్జం వేసేవారు. ఆ బెజ్జం లేకపోతే అతికిన తర్వాత కూడా పగులు లోలోపల పాక్కుంటూ పోతుందట. తర్వాత పగులుకి రెండువైపులా వి ఆకారంలో గాడి గీకి, పళ్ళ సెట్లలో వాడే సన్నటి స్టీలు తీగను వెనకవైపు కుట్టులా పరిచి, అప్పుడు పొడి, అప్పుడు లిక్విడ్. ఇల్లంతా ముక్కులు అదిరే వాసన. అది గట్టిపడ్డాక ఉప్పుకాగితంతో రుద్దడం మొదలు. గరుకుది, దానికంటే నున్నది, దానికంటే నున్నది. తడిపి రుద్దడం, ఆరాక వేలితో తడిమి చూడడం, మళ్ళీ రుద్దడం. ఒకసారి రుద్దడం మొదలుపెడితే పక్కన ఇల్లు కూలినా లేచేవారు కాదు.

నేను నిలబడ్డ చోట నిలబడే రకం కాదు. నర్సుని. ఎముకల వార్డులో పని. అక్కడ ఒక మంచం దగ్గర నిలబడితే ఇంకో మంచం నుంచి సిస్టర్ అని పిలుపు వస్తుంది. ఇంటికి వచ్చినా ఆ నడకే. కూర్చుని అన్నం తినడం కూడా నాకు చేతకాదని మా అమ్మ తిట్టేది. కాబట్టి ఈయన నిమ్మకు నీరెత్తినట్టు బాల్కనీలో కూర్చుని ఎవరిదో మడ్‌గార్డు రుద్దుతుంటే, నేను వంటింట్లోంచి ముందు గదికీ, ముందు గదిలోంచి వంటింట్లోకీ తిరుగుతూ ఉండేదాన్ని. అయినా ఆ పనితనం చూస్తే లోపల గర్వంగానే ఉండేది. పైకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

బండి నాది. ఇది ముందే చెప్పాలి. నా జీతంతో కొన్నది, సెకండ్ హ్యాండుది, గేర్లు లేనిది. నా ఆసుపత్రి పంజాబీ బాగ్ దాటి లోపలికి ఉంటుంది. మార్నింగ్ డ్యూటీకి బస్సులో వెళ్ళాలంటే చీకటితో లేచి, రెండు బస్సులు మారి, మధ్యలో నడిచి, ఆ గుంపులో ఎవరి మోచేయి ఎక్కడ తగులుతుందో చూసుకుంటూ పోవాలి. దిగేసరికి ఒంట్లో సగం ఓపిక పోయేది. మిగిలిన సగం కోపంగా మారేది. బండి వచ్చాక ఆ కోపం పోయింది. హెల్మెట్ పెట్టుకుని, చున్నీ వెనక్కి ముడేసుకుని, గేటు దాటగానే ముఖానికి తగిలే ఆ చల్లగాలి ఒక్కటి చాలు. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో సైకిలు కూడా ఎక్కనివ్వని పిల్లని, ఢిల్లీలో రింగు రోడ్డు ఎక్కాను. రోజంతా ఎవరో ఒకరి పిలుపుకి పరిగెత్తే నాకు, నా ఇష్టం వచ్చినంత వేగంగా, నా ఇష్టం వచ్చిన వైపు తిప్పుకునేది ఆ హ్యాండిలు ఒక్కటే.

అలాంటి బండి మీంచి ఒక వేసవి ఉదయం మా బ్లాకు గేటు దగ్గరే పడ్డాను.

ఎండాకాలంలో మా వైపు నీళ్ళ ట్యాంకర్లు వచ్చేవి. వాటి గొట్టాలు కారి గేటు దగ్గర రోడ్డంతా తడిగా ఉండేది. నా వెనకే ఒక ట్యాంకరు బయటికి వస్తోంది. ముందు నుంచి కూరల బండి అడ్డం తిరిగింది. బ్రేకు గట్టిగా పట్టాను. చక్రం జారింది. నేను ఎడమ పక్కకి, బండి నా కాలి మీదికి. మోకాలు గీరుకుంది, మోచేయి గీరుకుంది, అంతే. తల తిరుగుతుండగా లేచి కూర్చునేసరికి ట్యాంకరు డ్రైవరు దిగి వచ్చి నా మీద అరుస్తున్నాడు. పడ్డ మనిషిని లేపాల్సింది పోయి అరుస్తాడా అని నాకు ఒళ్ళు మండింది. నాకు వచ్చిన హిందీ అంతా వాడి మీద గుమ్మరించాను. కళ్ళు కనిపించడం లేదా, తొందరుంటే ఎగిరిపో, ఇలాంటివన్నీ. అతను అరవడం ఆపేసి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని గేటు పక్కన కూలబడ్డాడు. నాటకం అనుకున్నాను.

అప్పటికే మా ఆయన మెట్లు దిగి వచ్చేశారు. నన్ను లేపి, చేతులూ కాళ్ళూ కదిలించి చూసి, కింది ఆంటీ ఇంట్లో కూర్చోబెట్టి, బండి దగ్గరికి వెళ్ళారు. హ్యాండిలు కింద కాళ్ళకి అడ్డంగా ఉండే పెద్ద ముందు ఫైబర్ ముక్కలై ఉంది. ఆ ముక్కలన్నీ ఏరి బకెట్లో వేసుకుని తెచ్చారు. నా చున్నీ ఏమైందని అడిగితే, చక్రంలో చిక్కుకుంది, కోసి తీశాను అన్నారు. తిట్టలేదు. ఆటో ఎక్కించి డ్యూటీకి పంపించారు. పంపించేటప్పుడు ఆటో అతనికి మెల్లగా పోనీయమని రెండుసార్లు చెప్పారు. నాకది పట్టించుకునేంత విషయంలా అనిపించలేదు.

ఆ వారమంతా ముక్కలు బాల్కనీలో వార్తాపత్రిక మీద పరిచి ఉన్నాయి. కడగడం అయింది. ఆరడం అయింది. ఏ ముక్క పక్కన ఏది వస్తుందో పెన్సిలుతో గుర్తులు పెట్టుకోవడం అయింది. నేను రెండు బస్సులు మారుతున్నాను.

"ఎన్నాళ్ళండీ ఇంకా?" అని అడిగితే, "పెద్ద ముక్క గదా, నిదానంగా చెయ్యాలి" అనేవారు.

తర్వాతి వారం పొడి అయిపోయింది. ఆ తర్వాత పొడి వచ్చింది కానీ లిక్విడ్ పాతబడిందన్నారు. ఆ తర్వాత దుమ్ము గాలులు మొదలయ్యాయి, అతుకులో దుమ్ము పడితే పట్టు ఉండదన్నారు. దుమ్ము ఆగాక వానలు పట్టాయి. తేమలో ఆరదు అన్నారు. ప్రతి మాటా నిజమే, ఒక్కటీ తీసిపారేయడానికి లేదు. కానీ ఆ వానల్లోనే మా చర్చిలో కీబోర్డు వాయించే అన్నయ్య కారు బంపరు తెస్తే, దాన్ని ఒక్క ఆదివారం పూర్తి చేసి పంపించేశారు.

ఆ బంపరు సంగతి చెప్పాలి. పార్కింగులో ఎవరో వెనక నుంచి గుద్దేశారు బ్రదర్ అని ఆ అన్నయ్య వాపోయాడు. మా ఆయన బంపరుని తిరగేసి లోపలి వైపు చూపించారు. పగులు పక్కన తెల్లగా ఒక గీత ఉంది.

"గుద్దితే ఇట్టా తెల్లబడదన్నా. గుద్దితే ఠక్కున పగులుద్ది, ఉన్న రంగు ఉన్నట్టే ఉంటది. నిదానంగా వంచితే ఫైబరు సాగి తెల్లగీత పడుద్ది. ఎవరో దీని మీద ఎక్కి నిలబడ్డారు," అన్నారు.

ఆ అన్నయ్య ఇద్దరు కొడుకులూ అక్కడే ఉన్నారు. ఇద్దరూ ఒకేసారి నేల చూపులు చూశారు. అందరం నవ్వుకున్నాం. నేను టీ ఇచ్చాను. ఆ నవ్వులో కూడా నా కళ్ళు బాల్కనీ మూలన నా బండి ముక్కల మీదే ఉన్నాయి.

రోజులు పోతున్న కొద్దీ నేను కాలు కాలిన పిల్లిలా తయారయ్యాను. బస్సులో నిలబడితే కాలు ఊరికే నేలని తన్నేది, యాక్సిలరేటరు తిప్పుతున్నట్టు కుడి మణికట్టు దానంతట అదే కదిలేది. వార్డుకి ఆలస్యంగా చేరి, డ్యూటీ మారే హ్యాండోవర్ దగ్గర మాటలు పడ్డాను. కింది ఆంటీ ఎదురైనప్పుడల్లా "బేటీ, తేరీ గాడీ కబ్ ఠీక్ హోగీ?" అని అడిగేది. నీ బండి ఎప్పుడు బాగవుతుందీ అని. పుండు మీద కారం చల్లినట్టు ఉండేది.

ఒకరోజు ఆయనే కదిపారు. "మెట్రో మనదాకా వచ్చింది గదా. అందులో పోరాదూ. ఏసీ, సుఖం."

"మెట్రో మీ ఆసుపత్రి ముందు ఆగుద్ది. మా ఆసుపత్రి ముందు ఆగదు. దిగాక మళ్ళీ రిక్షా, మళ్ళీ నడక. మీరు ఫైబరు అతకండి చాలు," అన్నాను.

"అతుకుతా. నేను కాదన్నానా?"

అనలేదు. ఆయన ఏదీ కాదనరు. అదే నాకు మంట. కాదంటే పోట్లాడవచ్చు. సరే అంటూ ఉప్పుకాగితం తడుపుతూ కూర్చున్న మనిషితో ఏం పోట్లాడతాం?

నాకు వారం మధ్యలో సెలవు వచ్చింది. ఆయన డ్యూటీకి వెళ్ళారు, మా పాప బడికి వెళ్ళింది. బాల్కనీలో కూర్చున్నాను. ఏళ్ళ తరబడి చూసిన పనే. పగుళ్ళ చివర బెజ్జాలు ఆయన ఎప్పుడో వేసి పెట్టారు. గాడులు కూడా గీశారు. మిగిలింది తీగ, పొడి, లిక్విడ్. సూదీ దారం పట్టే చేతికి తీగ కుట్టడం ఒక లెక్కా? విరిగిన ముక్కలు ఒక్కొక్కటే దగ్గరికి చేర్చి, క్లిప్పులతో బిగించి, పొడి చల్లి, చుక్కలు వేశాను. మొదటి అతుకు కాస్త కారింది. రెండో దానికల్లా చేయి కుదిరింది. రుద్దడం మాత్రం నావల్ల కాలేదు. గడ్డలు గడ్డలుగా ఉంటే ఉండనీ అనుకున్నాను. బజారులో నా చిగుళ్ళు ఎగుడుదిగుడుగా కనిపిస్తే నాకేం సిగ్గు? సాయంత్రానికి ముక్కలన్నీ కలిసి ఒకే ఫైబర్ అయింది. చేత్తో తట్టి చూశాను. గట్టిగా మోగింది. పిల్ల పుట్టినప్పటి తర్వాత అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదని రాస్తే ఎవరైనా నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఆయన వచ్చి చూశారు. అతుకుల మీద వేలు పోనిచ్చి, "బాగా చేశావు," అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు.

"రేపు బిగించండి. ఎల్లుండి నుంచి బండి మీద పోతా."

"ఇంకో రోజు గట్టిపడనీ."

సరే అన్నాను. ఒక్క రోజే కదా. ఆ మర్నాడు బస్సులో కూడా పాడుకుంటూ వెళ్ళాను. ఇంటికి వచ్చేసరికి ఆయన ముఖం వేలాడేసుకుని కూర్చున్నారు. ఫైబర్ మళ్ళీ విరిగింది. నా అతుకు దగ్గర కాదు, దాని పక్కన, ఎడమ అంచు మొత్తం.

"లిక్విడ్ ఎక్కువైనట్టుంది. అది పక్క ఫైబరుని తినేసింది. నీ తప్పేం లేదులే, అందరికీ అట్టానే అవుద్ది," అన్నారు.

నేను నమ్మాను. తొందరపాటు మనిషిని కదా, ఎక్కడ ఏది చెడినా నా తొందర వల్లే చెడిందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. ఆ రోజు కూడా అలాగే అనుకుని, రెండు రోజులు నన్ను నేనే తిట్టుకుంటూ బస్సులెక్కాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, పాప కింద ఆంటీ మనవరాలితో ఆడుకోవడానికి వెళ్ళాక, బాల్కనీ ఊడుస్తున్నాను. ఆ ఫైబరు గోడకి ఆనించి ఉంది. ఊడవడానికి పక్కకి జరపబోయి తిరగేశాను. లోపలి వైపు, కొత్త పగులు పొడవునా తెల్లటి గీత ఉంది.

చీపురు కింద పెట్టాను. గీతను గోటితో గీకాను, సున్నమేమో అని. పోలేదు. ఇంకా వెలుగులోకి తెచ్చి చూశాను. పడినప్పుడు పగిలిన చోట్ల, గులాబీ అతుకుల పక్కన ఫైబర్ నల్లగా, శుభ్రంగా ఉంది. ఇది ఒక్కటే తెల్లగా, సాగి ఉంది. మా వార్డులో ఎముక ఎలా విరిగిందో ఎక్స్‌రే చూసి చెప్పే డాక్టర్లున్నారు. పడి విరిగిందంటూ తీసుకొచ్చిన ఆడవాళ్ళ చేతుల్ని చూసి, ఇది పడి విరిగింది కాదు అని వాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకోవడం ఎన్నిసార్లు విన్నానో. అదే మాట నా ఇంట్లో నాకు నేను చెప్పుకుంటానని ఎన్నడూ అనుకోలేదు.

ఫైబర్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన మంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నారు.

"ఇది ఎట్టా విరిగిందండీ?"

"చెప్పా గదా, లిక్విడ్..."

"ఈ తెల్లగీత ఏంది?"

ఆయన దాన్ని చేతిలోకి తీసుకోలేదు. గోళ్ళ కత్తెర మడిచి పక్కన పెట్టారు. 

"నేనే వంచాను," అన్నారు.

ఎలా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మోకాలి మీద పెట్టి రెండు చేతులతో వంచి ఉంటారు. ఊరందరి బండ్లూ నున్నగా చేసి ఇచ్చే ఆ చేతులతో. రెండుసార్లు గది చివరి దాకా నడిచి వచ్చాను.

"నేను బండి నడపడం మీకు ఇష్టం లేకపోతే ఆ మాట అనొచ్చుగా. ఇన్ని రోజులు నన్ను బస్సుల్లో తిప్పి, నా చేతకానితనం అని నన్ను నమ్మించి, ఏం మనిషండీ మీరు?"

"ఇష్టం లేక కాదు."

"మరేంది?"

ఆయన కిటికీలోంచి కిందికి, గేటు వైపు చూశారు. "నువ్వు పడ్డ రోజు ఏం జరిగిందో నీకు తెలవదు. నువ్వు అటు తిరిగి పడ్డావు. నేను బాల్కనీలో ఉన్నా. పైనుంచి మొత్తం చూశాను."

తర్వాత ఆయన చెప్పింది ఇది. నేను జారి పడగానే వెనక ట్యాంకరు కూడా బ్రేకు వేసింది. తడి రోడ్డు మీద అది ఆగలేదు. నీళ్ళ బరువుతో జారుకుంటూ వచ్చింది. నా చున్నీ ముడి ఊడి వెనక్కి పరుచుకుని ఉంది. ట్యాంకరు ముందు టైరు ఆ చున్నీ ఎక్కింది, ఎక్కి అక్కడ ఆగింది. చున్నీ రెండో కొస నా మెడ చుట్టూ ఉంది. ఆయన మెట్లు దిగి వచ్చేసరికి డ్రైవరు దూకేసి అరుస్తున్నాడు. నేను బతికి ఉన్నానో లేదో తెలియక అరుస్తున్నాడు. నేను లేచి కూర్చుని అతన్ని తిట్టడం మొదలుపెట్టాక అతను కూలబడ్డాడు. నన్ను లేపేటప్పుడే ఆ కొస నా మెడ మీంచి తప్పించి, కింది ఇంట్లో కూర్చోబెట్టాక ట్యాంకరుని వెనక్కి తీయించి, టైరు కింద నుంచి చున్నీ లాగి తీసి, మళ్ళీ నా కంట పడకుండా పారేశారు.

"చక్రంలో చిక్కిందన్నారు," అన్నాను.

"అట్టా చెప్పాను."

"ఎందుకు దాచారు? నిజం చెబితే నేనే మానేసేదాన్నేమో. మీకు కావాల్సింది అదేగా."

"అది కాదు," అన్నారు. "నువ్వు పొద్దున్నే గబగబా మెట్లు దిగి, వెనక్కి చూడకుండా పోతావు చూడు. అది నాకు ఇష్టం. నిజం చెబితే అది పోద్ది. నువ్వు భయపడుతూ నడవడం నేను చూడలేను. బండి ఇస్తే మళ్ళీ ఏమవుద్దో అని చూడలేను. ఫైబరు విరిగి ఉన్నన్ని రోజులు రెండూ లేవు. నాకు అంతే తోచింది."

నాకు ఏడుపు వచ్చింది. అది ప్రేమకి వచ్చిన ఏడుపు కాదు. ఆ క్షణంలో నాకు ఆయన మీద ఉన్నది పచ్చి కోపం. ఇన్నాళ్ళూ ఒక్కరే మోసింది తెచ్చి నా ఒళ్ళో పడేశారు. అడిగింది నేనే, నిజమే. అయినా తెలియకముందు ఎంత హాయిగా ఉన్నాను. ఆ సాయంత్రమంతా కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. మెడ దగ్గర ఊరికే తడుముకుంటున్నానని పాప అడిగేదాకా నాకే తెలియదు.

పడుకునే ముందు చెప్పాను. "రేపు బండి మీద పోతాను. ఫైబరు లేకపోయినా సరే."

"పో," అన్నారు.

"నేను వెళ్ళేటప్పుడు మీరు బాల్కనీలోకి రాకండి. మీరు చూస్తున్నారంటే నేను నడపలేను."

"రాను," అన్నారు.

పొద్దున్నే ముందు ఫైబరు లేని బండిని బయటికి తీశాను. వైర్లూ, హారనూ, లోపలి ఇనుమూ అన్నీ బయటికి కనిపిస్తున్నాయి. చున్నీ వేసుకోలేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు రెండూ నేలకి ఆనుకుపోయాయి. అద్దంలో వెనక్కి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ చూశాను. ఇన్నేళ్ళలో ఆ అద్దాన్ని నేను జుట్టు సర్దుకోవడానికి తప్ప వాడలేదు. వెనక పాల వ్యాను వచ్చి హారను కొడితే గాని కదలలేదు. పంజాబీ బాగ్ దాకా చేతులు హ్యాండిలుకి అతుక్కుపోయినట్టే ఉన్నాయి. ఆసుపత్రి స్టాండులో బండి పెట్టాక ఫోను తీసి ఆయన ఫోనుకి మిస్డ్ కాల్ ఇచ్చాను. ఆయన అడగలేదు. ఎందుకో ఇవ్వాలనిపించింది. ఆ తర్వాత రోజూ ఇచ్చాను.

నెలలు పట్టిన పని ఆ వారంలో ఒక్క మధ్యాహ్నంలో ముగిసింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఫైబరు బిగించి ఉంది. నా గడ్డలన్నీ అరగదీసి, తెల్లగీత మేరకి కోసేసి, అక్కడ కొత్తగా పోసి, ముఖం కనిపించేంత నున్నగా రుద్ది పెట్టారు. నా భయం మాత్రం ఒక మధ్యాహ్నంలో తగ్గలేదు. తగ్గుతూ, పెరుగుతూ, ట్యాంకరు కనిపిస్తే అది పోయేదాకా పక్కకి ఆగుతూ, అలాగే నడిపాను. నడపకపోతే నేను నేనుగా ఉండనని తెలుసు.

ఆ చలికాలంలో నాకు ఇంకో చిరాకు మొదలైంది. మార్నింగ్ డ్యూటీ చేసి మధ్యాహ్నం ఇంటికి వస్తే ట్యాంకులో నీళ్ళు ఉండేవి కావు. మా వైపు నీళ్ళు పొద్దున వస్తే మళ్ళీ సాయంత్రమే. ఒకటి రెండుసార్లు ఊరుకున్నాను. ఒక శనివారం తల స్నానానికి కూడా నీళ్ళు లేకపోయేసరికి పాప మీద విరుచుకుపడ్డాను, పళ్ళు తోముకుని నల్లా కట్టేయడం నీకు ఎన్నిసార్లు చెప్పాలి అని. ఏడేళ్ళది. మేం తెలుగులో తిట్టినా అది హిందీలోనే జవాబు చెప్పేది.

"మైనే నహీ, పాపా నే," అంది. నేను కాదు, నాన్నే అని.

"నాన్న ఎందుకు వదిలేస్తారు?"

దానికి అది పెద్ద విషయంలా అనిపించలేదు. బొమ్మకి జడ వేస్తూనే చెప్పింది. మమ్మీ మెట్లు దిగగానే పాపా బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని నల్లా పూర్తిగా తిప్పేస్తారట. బకెట్ నిండి పొర్లిపోయినా కట్టరట. ఫోను లోపలికి తీసుకెళ్తారట. ఫోను ఒకసారి మోగి ఆగిపోయాక బయటికి వస్తారట. పాప ఒకరోజు తలుపు కొట్టి, నీళ్ళు పోతున్నాయి కదా అని అడిగిందట. "గాడీ కీ ఆవాజ్ నహీ సున్నీ," అన్నారట. బండి చప్పుడు వినబడకూడదు అని.

బాల్కనీలోకి రావద్దన్నాను కదా. రాలేదు.

ఆయన్ని నేనేమీ అడగలేదు. అడిగితే ఇంకెక్కడికి పోతారు, ఇంట్లో ఉన్నదే ఒక బాత్రూము. సోమవారం పొద్దున ఎప్పటిలాగే మెట్లు దిగి బండి స్టాండు తీశాను. తాళం తిప్పలేదు. హ్యాండిలు పట్టుకుని తోసుకుంటూ గేటు దాటాను, పార్కు చుట్టూ తిరిగి, పాల బూత్ దాటి, మెయిన్ రోడ్డు మీద బండి చప్పుడు బస్సుల రొదలో కలిసిపోయే చోటికి వెళ్ళాక స్టార్టు చేశాను. ఆ బండి బరువు అంతకుముందు నాకు తెలియదు. ఆ రోజు నుంచి డ్యూటీ ఉన్న ప్రతి పొద్దునా అంత దూరం తోసుకుంటూనే వెళ్ళాను, నిలబడి టీ కూడా తాగలేని మనిషిని. కింది ఆంటీ శాలువా కప్పుకుని వాకిట్లో నిలబడి, మళ్ళీ పాడైందా బేటీ అని హిందీలో జాలిగా అడిగేది. అవును ఆంటీ, స్టార్టవడం లేదు అని చెప్పి తోసుకుంటూ పోయేదాన్ని.